ఇవనీల్దె అరిచిన అంకె

ఆ ఆదివారం ఇవనీల్దె నోటి వెంట రావలసింది ఒకే ఒక్క అంకె. నిజం చెబితే మొగుడి రెండు చేతులూ మణికట్టు దాకా పోతాయి. అబద్ధం చెబితే అన్న ఒసియెల్ పోగొట్టుకున్న మూడు వేళ్ళూ ఊరికే పోయినట్టవుతుంది. మొగుడితో మాటలు లేవు. అన్నతో రోజూ తగువే. అయినా ఇద్దరూ ఆమె మనుషులే కదా. ఇలాంటి ఇరకాటం పగవాళ్ళకు కూడా రాకూడదు.

ముందు మా ఊరు వార్జెమ్ సేకా సంగతి కాస్త చెప్పాలి. ఈ మెట్ట ఊళ్ళలో వానలు లేవు, పనులు లేవు, పౌరుషానికి మాత్రం కొదవ లేదు. వ్యాను వెనక భాగమంతా స్పీకర్లు పేర్చి గోడలా కడతారు. దాన్ని గోడ అనే అంటారు. ఎండిపోయిన ఆనకట్ట అడుగున రెండు వ్యాన్లు పక్కపక్కన నిలబెట్టి, గోడలు జనం వైపు తిప్పి, ఒకేసారి పాటలు పెడతారు. ముందు ఏది మూగబోతే అది ఓడినట్టు. గెలిచిన గోడ ఒంటరిగా ఒక పాట మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తుంది. ఆ తర్వాత గెలిచినవాడు కత్తి తీసి ఓడిన గోడలోని స్పీకర్లను ఒక్కొక్కటే నడిమికి చీలుస్తాడు. చీలేది ఉత్త అట్టముక్కే అయినా ఓడినవాడి మొహం చూడలేం.

గోడకీ డ్రైవరు సీటుకీ మధ్య ఒక ఇరుకు గది. ఆంప్లిఫైయర్లు, బ్యాటరీలు అన్నీ అందులోనే. తీగలు కలిపిన మనిషి పందెం సాగినంతసేపూ అందులో కూర్చోవాలి. దానికి పక్క నుంచి ఇనప తలుపు, తలుపులో అరచేయంత జాలీ. మోత అదురుకి తెరుచుకోకుండా బయట గడియ పెడతారు. పందెం తేలకముందు గడియ తీస్తే ఓడినట్టే. గెలిచాక కూడా ఆ ఒంటరి పాట పూర్తయ్యేదాకా తీయరు. ఏం ఆచారమండీ ఇది! ఎవడు పెట్టాడో గానీ వాణ్ణి ఒక్కసారి ఆ గదిలో కూర్చోబెట్టి ఉండాల్సింది.

ఇక అంకె సంగతి. ఓమ్ అంటే కరెంటుకి స్పీకరు పెట్టే అడ్డు. అడ్డు తగ్గేకొద్దీ ఆంప్లిఫైయర్ నుంచి కరెంటు ఎక్కువగా తోసుకొస్తుంది. మోత పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. నాలుగు ఓమ్‌ల స్పీకర్లు నాలుగింటిని సమాంతరంగా కలిపితే అడ్డు ఒకటికి దిగుతుంది. ఎనిమిది కలిపితే అరకి దిగుతుంది. మా దగ్గరున్న ఆంప్లిఫైయర్లు ఒకటి దాకా మోస్తాయి. ఆ కిందకి దిగితే చెవులు చిల్లులు పడే మోత వస్తుంది, ఆ తర్వాత పొగ వస్తుంది. అందుకే ఒకటికి తగ్గకూడదని కట్టుబాటు, తగ్గితే పాట పెట్టకుండానే ఓడినట్టు. పందెం ముందు ఈ గోడ మనిషి ఆ గోడ గదిలోకి, ఆ గోడ మనిషి ఈ గోడ గదిలోకి మీటరొక్కటే పట్టుకుని వెళ్ళి కొలుస్తారు. బయటికొచ్చి జనానికి వినిపించేలా అంకె అరుస్తారు. ఆ అరుపే ప్రమాణం. దాని మీద ఇంకెవరూ కొలవరు.

పోయినేడాది ఆ అరుపు అరిచింది ఒసియెల్. తెర్తులియానో గోడ కొలిచి బయటికొచ్చి, మీటరు పైకెత్తి "అర!" అని అరిచాడు.

తెర్తులియానో ఊళ్ళో కబేలా నడుపుతాడు. మేకల్నీ ఎద్దుల్నీ కోసి కోసి వాడి చేతికి జంకు పోయింది. ఆ రోజు వాడు కోప్పడలేదు. నవ్వుతూ వచ్చి ఒసియెల్ భుజం మీద చెయ్యేశాడు. "నిజం చెప్పావురా, మగాడివి. ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇయ్యి" అన్నాడు. ఒసియెల్ పిచ్చివాడిలా చెయ్యిచ్చాడు. ఆ చేతిని వ్యాను తలుపు అంచు మీదకి లాగి, నడుం దగ్గరి కత్తితో ఒక్క వేటు వేశాడు. మూడు వేళ్ళు దుమ్ములో పడ్డాయి. ఒసియెల్ ముందు అరవలేదు, దుమ్ములో ఉన్నవి తనవేనా అన్నట్టు చూశాడు. తర్వాత అరిచిన అరుపు గట్టు మీద జీపులో కూర్చుని మేకమాంసం తింటున్న పోలీసులకు కూడా వినబడింది. వాళ్ళు ప్లేట్లు పట్టుకుని అటు తిరిగి కూర్చున్నారు.

అక్కడితో ఆగాడా? నెల తిరక్కుండా తెర్తులియానో, ఇవనీల్దె తన మొగుడితో కలిసి నడుపుకుంటున్న వైరింగు కొట్టుకి వచ్చాడు. ఆ మొగుడి పేరు అదౌతో. వేడివేడి మొక్కజొన్న కుస్కుస్ తింటున్న అదౌతో పక్కన కూర్చుని, వాడి కంచంలోనే చెయ్యి పెట్టి తిన్నాడు. "చేతులు భలే ఉన్నాయిరా నీకు, సన్నగా, ఆడపిల్ల చేతుల్లా. అవి రేపట్నుంచి నావి" అన్నాడు. మర్నాడు అదౌతో తన పనిముట్ల పెట్టె సర్దుకుని తెర్తులియానో దగ్గర పనికి పోయాడు.

"మా అన్న నెత్తురు ఆరకముందే ఆ కసాయి కాళ్ళ దగ్గరికి పోతావా? థూ!" అని ఇవనీల్దె వాడి బట్టలన్నీ రోడ్డు మీద విసిరేసింది. అదౌతో ఒక్క మాట అనలేదు. చొక్కాలు ఏరుకుని దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ మౌనానికి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. రెండు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేదనుకుంది.

ఇదిగో, మళ్ళీ అదే ఆనకట్ట, అదే జనం. ఒసియెల్ గోడ పేరు పిడుగు. తెర్తులియానో గోడ పేరు కొమ్ములెద్దు. ఒసియెల్ చేత్తో ఇప్పుడు తీగ మెలిపెట్టడం కుదరదు కాబట్టి పిడుగు పనంతా ఇవనీల్దె చేసింది. కొలిచి అరవాల్సిందీ ఆమే. ఒసియెల్ చెరకు కత్తిని ఎడమ చేత్తో రాయి మీద నూరుతూ కూర్చున్నాడు.

"ఏవే, అక్కడ ఎంతుంటే అంతే అరవాలి. విన్నావా?"

"విన్నాలే అన్నా. చెవులున్నాయి నాకు."

"నీకు చెవులున్నాయి. నాకు వేళ్ళు లేవు."

"ఎన్నిసార్లు అంటావు ఆ మాట! ఆ గదిలో కూర్చునేది నా మొగుడు."

"మొగుడా? బట్టలు వీధిలోకి విసిరిన రోజు గుర్తు రాలేదే మొగుడని?" ఒసియెల్ కత్తి అంచు మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు. "వాడు అర ఓమ్ పెట్టాడనే నా నమ్మకం. పొద్దున ట్రయలు వేస్తుంటే వాళ్ళ ఆంప్లిఫైయర్ ఒకటి కాలిందట. రెండోది ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఎనిమిది స్పీకర్లూ ఒక్కదానికే తగిలించి ఉంటాడు. నువ్వు 'అర' అని అరిస్తే చాలు. ఊరి ముందు వాడి మొహాన ఇంకోసారి పేడ పడాలి. మిగతాది ఈ కత్తి చూసుకుంటుంది."

అప్పటికే ఎండ నడినెత్తికి వచ్చింది. జనం చెరకు సారా పట్టించి ఉన్నారు. సున్నం గీత దాటి పిడుగు మీద చెయ్యేసిన తాగుబోతు ఒకణ్ణి ఒసియెల్ మనుషులు సీసాతో నుదుటి మీద కొట్టారు. వాడు నెత్తురు కారుతుంటే నవ్వుతూ మళ్ళీ వచ్చాడు, ఈసారి పొట్టలో తన్నారు. అదంతా ఎవరికీ లెక్క కాదు. అటు వైపు తెర్తులియానో మనుషులు నడుంలో తుపాకులతో వరసగా నిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

ముందు అదౌతో వచ్చి పిడుగు కొలిచాడు. ఇవనీల్దె మొహం చూడలేదు. బయటికెళ్ళి "ఒకటి!" అని అరిచాడు. నిజమే, ఒకటే.

తర్వాత ఇవనీల్దె మీటరు పట్టుకుని కొమ్ములెద్దు గదిలోకి ఎక్కింది. అదౌతో లోపలే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తలుపు దగ్గర కాపలావాడు వీపు తిప్పి నిలబడ్డాడు. లోపల జిగురు వాసన, గోడలకి స్పాంజి, కింద తివాచీ. ఎనిమిది స్పీకర్ల తీగలూ ఒక్క ఆంప్లిఫైయర్‌కే వచ్చి ఉన్నాయి. మీటరు మొనలు ఆనించింది. అంకెలు కాసేపు తడబడి సున్నా పాయింట్ నాలుగు దగ్గర నిలబడ్డాయి. మీటరెప్పుడూ అసలుకన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. అంటే అర.

బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండాల్సిన చోట చూసింది. అక్కడ ఫ్యూజు లేదు. బొటనవేలంత ఇనప బోల్టు బిగించి ఉంది.

"నీ బుద్ధి గడ్డి తినిందా?" ఆమె గొంతు తగ్గించి తిట్టింది. "ఫ్యూజు స్థానంలో బోల్టా? ఎవరు నేర్పార్రా నీకు ఈ పని? నేనా, మా నాన్నా?"

"పెట్టిన ఫ్యూజు పెట్టినట్టే పోతోందే. తల మీద తుపాకి పెట్టి బోల్టు పెట్టమన్నాడు. వేడెక్కితే ఆంప్లిఫైయర్‌ని ఆపే తీగ కూడా లోపల్నుంచి పీకించాడు."

"నీ పానాలేవి? కటింగు ప్లేయరేది?"

"తీసేసుకున్నారు. భయపడి మధ్యలో ఊడదీస్తానని."

"మరి కాలితే?"

"కాలదు. ఒక్క పాట నిలబడుతుంది. వేడెక్కితే బోల్టు లాగేస్తాలే."

"ఎర్రగా కాలిన బోల్టుని ఏ చేత్తో లాగుతావు?"

అదౌతో తన చేతులు చూసుకున్నాడు. "ముందు చేతులంటూ ఉండాలి కదా లాగటానికి. నువ్వు అర అంటే రెండూ మణికట్టు దగ్గరికి తీసేస్తానన్నాడు. అందుకే కదే నన్ను పనిలో పెట్టుకుంది! కొలిచేది నువ్వు. పెళ్ళాం మొగుడి చేతులు నరికించుకోదు అన్నాడు. నా పనితనం చూసి పెట్టుకున్నాడనుకున్నావా పిచ్చిదానా?"

ఇన్ని నెలలూ ఇవనీల్దె వీడు పిరికివాడని తిట్టుకుంది. ఆ రోజు వాడు మాట్లాడకుండా చొక్కాలు ఏరుకోవడం గుర్తొచ్చింది. "ఆ రోజే చెప్పొచ్చు కదరా నాకు" అంది.

"చెబితే నువ్వు ఒసియెల్‌కి చెబుతావు. ఒసియెల్ కత్తి తీస్తాడు. వాళ్ళకి తుపాకులున్నాయి." అదౌతో నవ్వడానికి చూశాడు. "ఇంతకీ నా నీలం చొక్కా దొరకలేదే. ఎక్కడ పారేశావు?"

"అది నా దగ్గరే ఉంది, నీ మొహం మండ" అంది ఇవనీల్దె. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, వాడి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. వాడి చెంప మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచింది. కాపలావాడు తలుపు తన్ని "అయిందా సరసం?" అన్నాడు.

బయట ఎండలో జనం అంతా ఆమె వైపే చూస్తున్నారు. కొమ్ములెద్దు ముందు చక్రం మీదకెక్కి నిలబడింది. ఒకవైపు తెర్తులియానో, పళ్ళ మధ్య పుల్ల ఆడిస్తూ నిబ్బరంగా ఉన్నాడు. ఇంకోవైపు ఒసియెల్, మూడు వేళ్ళు లేని చేతిని అందరికీ కనబడేలా ఛాతీ మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఇవనీల్దె ఆ చేతిని చూసింది. కళ్ళు మూసుకుంది.

"ఒకటి!" అని అరిచింది.

తెర్తులియానో మనుషులు గాల్లోకి తుపాకులు పేల్చారు. ఒసియెల్ కదల్లేదు. చెల్లెలు పిడుగు దగ్గరికి నడిచొచ్చి గదిలోకి ఎక్కేదాకా అలాగే చూశాడు. గడియ పెట్టేముందు మొహం లోపలికి పెట్టి, "ఆ అంకె కోసం నా వేళ్ళు పోయాయే" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆమె కాళ్ళ ముందు ఉమ్మి, తలుపు దభాలున వేశాడు. అన్న చేతిలో చెంపదెబ్బ తిన్నా అంత నొప్పి ఉండేది కాదు.

పాట మొదలైంది. పాటంటే పాటా అది? నేల లోంచి తన్నుకొచ్చింది. గట్టు మీది బీరు సీసాలు వాటంతటవే నడిచి కిందపడి పగిలాయి. ముందు వరసలో నిలబడ్డ ఒకడికి ముక్కులోంచి నెత్తురు కారితే, అది నాలుకతో నాకుతూ గంతులేశాడు. గదిలో ఇవనీల్దె పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, పక్కటెముకలు అదిరాయి. పిడుగు బాగా పలుకుతోంది. చెప్పొద్దూ, కాసేపు ఆమెకి సంతోషం కూడా వేసింది. తన చేత్తో కలిపిన తీగలు, తన లెక్క, ఎక్కడా వేడి లేదు, వణుకు లేదు. ఒకటి ఒకటిలాగే నిలబడింది. గెలిస్తే అన్న క్షమిస్తాడేమో అని కూడా అనుకుంది.

ఆ కాసేపు అలా అనుకోకుండా ఉండాల్సింది.

వాసన ముందు వచ్చింది. రబ్బరు కాలిన వాసన. ఆమె జాలీకి కళ్ళు ఆనించింది. రెండు వ్యాన్ల మధ్య రెండు బారల సందు, ఆ సందుకి అటు కొమ్ములెద్దు తలుపు. దాని జాలీలోంచి సన్నగా పొగ వస్తోంది. చూస్తుండగానే నల్లబడింది. పొగలోంచి వేళ్ళు బయటికొచ్చాయి. జాలీని పట్టుకుని ఊపుతున్నాయి. ఆ వేళ్ళు ఆమెకి తెలుసు. వాడు అరుస్తున్నాడేమో, కానీ ఆ మోతలో దేవుడు అరిచినా వినబడదు. కొమ్ములెద్దు తలుపు పక్కనే వీపు ఆనించి తెర్తులియానో మనిషి ఒకడు పాటకి తల ఊపుతున్నాడు.

"తియ్యరా! గడియ తియ్యి! కాలిపోతున్నాడు!" ఇవనీల్దె తలుపు మీద పిడికిళ్ళతో బాదింది. పానా తీసుకుని బాదింది. ఎవరికి వినబడుతుంది? ఒసియెల్ ముందు వైపున జనంలో ఉన్నాడు.

ఈ మోత సగమైనా తగ్గి తన గడియ తీయాలంటే ఒక్కటే దారి. ఓడిపోవడం. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పట్టుకుని ఒక్క లాగు లాగింది. చల్లగా, తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. పిడుగు మూగబోయింది.

తలుపు తెరుచుకుంది. ఒసియెల్ ఆమె జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. నోటి మీద కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. ఇంకో దెబ్బకి చెయ్యెత్తినవాడు ఆమె పిడికిట్లో ఫ్యూజు చూసి ఆగిపోయాడు. అది కాలలేదు, కరగలేదు. చేత్తో తీసినదని ఎవరికైనా తెలుస్తుంది.

"నువ్వే తీశావా?" అన్నట్టు వాడి పెదవులు కదిలాయి. కొమ్ములెద్దు ఒంటరి పాట అప్పటికే మొదలైంది, మాట వినబడటం లేదు. ఇవనీల్దె వేలెత్తి చూపించింది. జాలీలో ఇప్పుడు వేళ్ళు లేవు. పొగ, దాని వెనక ఎర్రగా వెలుతురు.

ఆమె పరిగెత్తింది. తలుపు దగ్గరున్నవాడు అడ్డం వచ్చి, తుపాకి పిడితో ఆమె చెవి మీద కొట్టాడు. కింద పడింది, లేచింది. చేతిలో పానా ఇంకా ఉంది. దాంతో వాడి మోకాలి చిప్ప మీద కొట్టింది. వంగినవాడి దవడ మీద ఇంకోటి కొట్టింది. పళ్ళు రాలడం చూసింది, చప్పుడు మాత్రం వినబడలేదు. వాణ్ణి తొక్కుకుంటూ గడియ మీద చెయ్యేసింది. అరచేయి చుర్రుమంది.

అప్పుడు తెర్తులియానో వచ్చాడు. స్పీకర్లు చీల్చడానికి తీసిన కత్తి ఒక చేతిలో, మోత పెంచి తగ్గించే రిమోటు ఇంకో చేతిలో. మొహం నిండా గెలిచిన సంబరం. ఆమెని చొక్కా పట్టి వెనక్కి విసిరి, రిమోటు జేబులో వేసుకుని, చేతికి టోపీ చుట్టుకుని గడియని తనే నొక్కి పట్టుకున్నాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "పాట పూర్తి కావాలి. ఇప్పుడు తీస్తే ఓడిపోయినట్టు!" అని అరిచాడు.

"అర ఓమ్ రా అది! అర! నేను అబద్ధం చెప్పాను! లోపల మనిషి చస్తున్నాడు, తగ్గించరా!" అని ఆమె వాడి చెవిలోకి అరిచింది.

"నువ్వు ఒకటి అన్నావు, ఊరంతా వింది" అన్నాడు తెర్తులియానో. నవ్వాడు కూడా, వాడి నోట్లో మన్ను పడ. కత్తి మొన ఆమె గొంతు కింద ఆనించి గుచ్చాడు. నెత్తురు చొక్కాలోకి జారింది. ఆమె ఆగలేదు, కత్తి మీదకే వెళ్ళింది. మొన ఇంకాస్త దిగింది.

ఒసియెల్ అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. ఆ తలుపు వెనక కాలుతున్నవాడి మీద వాడికీ కసి ఉంది, ఎందుకు లేదు? వాడు చెల్లెలి మొహం చూశాడు, ఆ నెత్తురు చూశాడు. చెరకు కత్తి ఎడమ చేత్తో ఎత్తి, చెరకు గడని నరికినట్టు పై నుంచి కిందికి దించాడు. గడియ మీది చెయ్యి, టోపీతో సహా, గడియ దగ్గరే ఉండిపోయింది. తెర్తులియానో నోరు పెద్దగా తెరిచాడు. జీవితమంతా జంతువుల అరుపులు విన్నవాడి అరుపు ఆ రోజు ఎవరూ వినలేదు, వాడి పాటే దాన్ని మింగేసింది. ఒసియెల్ రెండో వేటు గడియ మీద వేశాడు, మూడోది కూడా. గడియ ఊడింది.

తలుపు తెరవగానే లోపలికి గాలి పోయి మంట బయటికి దూకింది. తెర్తులియానో మనుషులు కాల్చారు. ఒక తూటా ఒసియెల్ తొడలో దిగింది, వాడు మోకాళ్ళ మీద పడి కూడా కత్తి వదల్లేదు. జనం గట్టు ఎక్కి పారిపోతూ ఒకర్నొకరు తొక్కుకున్నారు. ఇవనీల్దె మంటలోకి సగం దూరి, చేతికి తగిలినదాన్ని పట్టుకుని లాగింది. అది అదౌతో చొక్కా. వాణ్ణి చంకల కింద పట్టుకుని సందులోంచి ఎర్రమట్టి మీదికి ఈడ్చింది. అదే సమయానికి కొమ్ములెద్దు స్పీకర్లు ఒక్కొక్కటే అంటుకున్నాయి. పాట ముక్కలు ముక్కలై ఆగిపోయింది.

తుపాకులు కూడా ఆగాయి. కబేలా మనుషులు తెర్తులియానోని తమ జీపులోకి ఎత్తుకుని, తెగిన చెయ్యి అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయారు.

ఇవనీల్దె అదౌతో మొహాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "లేవరా. లేవరా, ఇంటికి పోదాం. నీలం చొక్కా ఇస్తా, లే" అని కుదిపింది. మొహం మీద ఒక్క బొబ్బ లేదు. మంట వాడి దాకా సరిగా రాలేదు, పొగే చంపింది. ముక్కు కింద, పెదవుల మీద మసి ఉంది. ఆమె వాడి ఛాతీ మీద చెవి పెట్టింది. తన చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ మళ్ళీ పెట్టింది.

తర్వాత వాడి చేతులు తీసి చూసింది. రెండూ మణికట్టు దగ్గర భద్రంగా ఉన్నాయి. వేళ్ళు పదీ ఉన్నాయి, సన్నగా, గోళ్ళలో ఎప్పుడూ ఉండే నలుపుతో. కుడి అరచేతిలో మాత్రం బొటనవేలంత మచ్చ, బోల్టు మీది మర గీతలతో సహా, ఎముక దాకా కాలి ఉంది. లాగుతానన్నాడుగా, లాగాడు. అదే ఊడిరాలేదు.

ఒసియెల్ తొడ పట్టుకుని దేక్కుంటూ వచ్చాడు. బావ మొహం చూశాడు, ఆ చేతులు చూశాడు. మూడు వేళ్ళు లేని తన చేతిని చెల్లెలి తల మీద పెట్టబోయి, ధైర్యం చాలక వెనక్కి తీసుకున్నాడు.

ఇవనీల్దె లేచింది. తూలుకుంటూ వెళ్ళి, కాలుతున్న కొమ్ములెద్దుకి ఎదురుగా, మీటరు పట్టుకున్నట్టే ఖాళీ చెయ్యి పైకెత్తింది. గట్టు మీద ఇంకా కొందరు నిలబడి ఉన్నారు.

"అర!" అని అరిచింది. "అర! అర ఓమ్!"

గొంతు దగ్గరి గాయం లోంచి నెత్తురు కారుతుంటే, గొంతు పగిలేదాకా అరిచింది. గట్టు మీది వాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టి కెలుక్కుంటూ ఆమె వంక చూస్తూ నిలబడ్డారు. అంత మోత విన్నాక ఎవరికీ ఇంకా చెవులు పనిచేయడం లేదు.